వేలు తీసేలోపు

ఇకమీదట ప్రభుత్వోద్యోగి ఎవరైనా బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టుకుంటే, బటన్ మీద నుంచి వేలు తీసేలోపు పని పూర్తయిపోతుందని బదిలీల శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఈ ప్రకటన ఒక ఈతకొలను ప్రారంభోత్సవంలో జరిగింది. కొలనులోకి నీళ్లు ఇంకా వదల్లేదు కాబట్టి ఆయనకు మాట్లాడటానికి కావలసినంత తీరిక దొరికింది. అనుమతుల శాఖవారు చిటికెలో పని చేసిపెడతామని అంతకు ముందువారమే చెప్పుకున్నారు. చిటిక వెయ్యాలంటే రెండు వేళ్లు కావాలి, మాకు ఒకటి చాలు, అన్నారు మంత్రిగారు. సభ చప్పట్లు కొట్టింది. మనబోటివాళ్లం అంత మాట అనాలంటే వెనకాముందూ చూసుకుంటాం. వెనకాముందూ చూసుకునేవాళ్లు మంత్రులు కాలేరు.

ఈ సంగతి అందరికన్నా చివర తెలిసింది ఆ పని చెయ్యవలసిన మనిషికే. ఆయన బదిలీల శాఖ భవనంలో సర్వరు గదికి ఇంజినీరు. ఏళ్ల తరబడి ఆ గదినే కనిపెట్టుకుని ఉండటంతో అసలు పేరు అరిగిపోయి, సర్వరుగారు అన్న పేరు మిగిలింది. ఇప్పుడు ఆ అసలు పేరు జీతం బిల్లు మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు.

గది చిన్నదే గాని అన్ని హంగులూ ఉన్నాయి. ఏసీ కారే చోట ఒక ప్లాస్టిక్ బకెట్టు ఉంది. కరెంటు పోతే ఆదుకోవడానికి కొన్న బ్యాటరీలు ఒకప్పుడు గోడవారగా ఉండేవి. ఇప్పుడవి పక్కనే మంత్రిగారి ఛాంబర్లో చేపల తొట్టెకు గాలి ఊదుతున్నాయి. వాటిని వెనక్కి ఇప్పించమని సర్వరుగారు ఒకసారి పీఏ గారిని అడిగారు. చేపలకు ప్రాణం ఉంటుంది, డేటాకు ఉంటుందా, అని పీఏ ఎదురడిగారు. సర్వరుగారు తిరిగొచ్చి బకెట్టులో నీళ్లు పారబోసుకున్నారు. చేపలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

సర్వరుగారి భార్య ఎక్కడో కొండల్లో ఒక ఆనకట్ట మీద నీటిమట్టం కొలిచే ఉద్యోగం చేస్తుంది. రోజూ ఆనకట్ట మెట్లు దిగి, గోడ మీద గీతలు చూసి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో పై ఆఫీసుకు చెప్పాలి. పెళ్లయిన కొత్తలోనే ఆ పోస్టింగు వచ్చింది. ఇక్కడ ఇంట్లో ఆయనా, అత్తగారూ మిగిలారు. కూతురు రేపోమాపో వచ్చేస్తుంది కదా, అందాకా అల్లుడికి వండిపెడదామని వచ్చిన ఆవిడ, రేపూ మాపూ కూడా రాకపోవడంతో ఇక్కడే స్థిరపడింది.

అత్తగారికి అల్లుడితో ఎదురుపడి మాట్లాడటమంటే మొహమాటం. అల్లుడుగారికి అంతకు రెట్టింపు. అందుచేత ఆ ఇంట్లో పలికిన ప్రతి మాటా కొండ ఎక్కి దిగవలసిందే. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన భార్యకు ఫోన్ చేస్తారు. భార్య తల్లికి చేస్తుంది. రేపు తగ్గిస్తానని చెప్పవే, అని ఆవిడ వంటింట్లోంచి అనడం ఆయనకు గోడ అవతల నుంచి చక్కగా వినిపిస్తుంది. అయినా భార్య మళ్లీ ఫోన్ చేసి చెప్పేదాకా ఆయన విన్నట్టు లెక్క కాదు. కాస్త ఆలస్యమయ్యేది గాని, అలా కొండెక్కి దిగొచ్చిన మాటకు మాత్రం ఆ ఇంట్లో తిరుగుండేది కాదు.

ఆ ముగ్గురికీ లోకంలో కావలసింది ఒక్కటే, ఆమె బదిలీ. పాతపద్ధతిలో పెట్టుకున్న దరఖాస్తులు ఏ బల్ల కాలు కింద ఎత్తుకు ఉపయోగపడుతున్నాయో తెలియదు. కొత్తపద్ధతిలో మొదటిరోజు వచ్చినవాటినే ముందు చూస్తారని ఉత్తర్వు వచ్చింది. అందుకే అందరూ నవ్వుకుని వదిలేసిన ప్రకటనను సర్వరుగారు అలా వదిలెయ్యలేకపోయారు.

ప్రారంభోత్సవానికి ముందు మంత్రిగారు స్వయంగా సర్వరు గదికి వచ్చి పరీక్ష చేశారు. బటన్ నొక్కారు. తెర మీద చిన్న చక్రం తిరిగింది. ఆయన వేలు తీశారు, ఆ వేలితోనే చెవి గోక్కున్నారు, అప్పుడు వచ్చింది, పని అయిపోయిందని చెప్పే పచ్చటిక్కు.

"ఏమయ్యా సర్వరూ, ఈ చక్రం దేనికి తిరుగుతోంది?"

సర్వరుగారు వివరించారు. దరఖాస్తు రాగానే డేటాబేస్ దాన్ని ఫైళ్లు సర్దే ఫైల్ సిస్టమ్ చేతికిచ్చి, డిస్కు మీద రాసిపెట్టు అంటుంది. ఫైల్ సిస్టమ్ వెంటనే సరే అంటుంది గాని, నిజానికి అప్పటికి దాన్ని యంత్రం జ్ఞాపకంలో మాత్రమే ఉంచుకుంటుంది. జ్ఞాపకం పలక లాంటిది, ఇట్టే చెరిగిపోతుంది. అందుకని డేటాబేస్ ఊరుకోకుండా, నిజంగా రాశావా, అని మళ్లీ అడుగుతుంది. అప్పుడు డిస్కు రాసి, రాశాను అంటుంది. అది విన్నాకే టిక్కు. ఆ అడగడం, రాయడం, చెప్పడం జరిగే కాసేపూ చక్రం తిరుగుతుంది. మంత్రిగారికి బాగా బోధపడాలని, తమ ఇంట్లో ఉప్పు సంగతి కూడా ఇంతేనని సర్వరుగారు చెప్పుకొచ్చారు.

మంత్రిగారి ముఖం వాడిపోయింది. నా శాఖలో ఇంత అపనమ్మకమా, అన్నారు. ఈ భవనంలో ఎవరైనా ఎవరినైనా 'నిజంగా చేశావా' అని అడగ్గా ఎప్పుడైనా విన్నావా, అని పీఏ గారి వైపు తిరిగారు. ఎన్నడూ వినలేదని పీఏ ప్రమాణపూర్వకంగా చెప్పారు. అది నిజం. అన్నన్ని అంతస్తులున్న ఆ భవనంలో ఆ ప్రశ్న వినబడేది ఈ ఒక్క గదిలోనే.

"ఆ ప్రశ్న తీసేస్తే?"

"తీసెయ్యొచ్చండి. అప్పుడు రాయకముందే రాసేశానని చెప్పేస్తుంది. తీరిక చూసుకుని రాస్తుంది."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "అంటే ముందు అయిపోయిందని చెప్పి, ఆ తర్వాత చేస్తుందన్నమాట."

"అవునండి."

"చెయ్యకపోయినా అప్పటికప్పుడు ఎవరికీ తెలియదు."

"తెలియదండి."

మంత్రిగారు దగ్గరికి వెళ్లి యంత్రం వీపు నిమిరారు. "ఇన్నాళ్లూ మిషన్లకు పరిపాలన చేతకాదనుకున్నానయ్యా," అన్నారు.

కరెంటు పోతే జ్ఞాపకంలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని సర్వరుగారు నసిగారు. నేనున్న చోట కరెంటు పోవడం ఎప్పుడైనా చూశావా, అని మంత్రిగారు అడిగారు. సర్వరుగారు చూడలేదు. ఎవరూ చూడలేదు. పూర్వం ఒక సభలో, ఈ ప్రభుత్వం మీకు, అని మంత్రిగారు అంటుండగా కరెంటు పోయి మైకు మూగబోయింది. జనం అది పూర్తి వాక్యమే అనుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. ఆనాటి నుంచి ఆయన వాహనాల వరసలో చివర ఒక జనరేటరు లారీ నడుస్తోంది. ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ దాని తీగ తగిలిస్తారు. ఆయన లేస్తే అదీ లేస్తుంది.

ఇలా 'నమ్మకం విధానం' అమల్లోకి వచ్చింది. సర్వరుగారు ఊరుకోలేక ప్రమాదాన్ని వివరిస్తూ ఒక నోట్ పెట్టారు. నోట్ చాలా బాగుందని పీఏ మెచ్చుకున్నారు. 'ప్రమాదం' అన్న చోటల్లా కొట్టేసి 'అవకాశం' అని దిద్ది పై సంతకానికి పంపారు. ఆ తర్వాత ఇంకో చిన్న అడ్డంకి కనబడింది. ప్రశ్న తీసేసినా, యంత్రం మధ్యమధ్యలో తన పాటికి తాను డిస్కు మీద కాస్త కాస్త రాసుకుంటోంది. అలా రాసుకునేటప్పుడు టిక్కు రెప్పపాటు వెనకబడుతోంది. అతిథులు కూర్చుని ఉండగా ఎవరైనా ఇల్లు ఊడుస్తారా, అన్నారు పీఏ. రాసుకునే పనంతా సభ ముగిశాక పెట్టుకోమని యంత్రానికి ఆదేశం వెళ్లింది.

సర్వరుగారు అన్నీ చెప్పినట్టే చేశారు. ఒక్కటి మాత్రం చెప్పకుండా చేశారు. కావాలనుకుంటే ఏదైనా ఒక్క దరఖాస్తుకు మాత్రం 'నిజంగా రాశావా' అని అడిగించే వీలు ఆ డేటాబేస్‌లో ఉంది. ఆయన తలుపు దగ్గరగా వేసి, అక్కడ తన భార్య ఉద్యోగి నంబరు వేశారు. ఊరందరినీ నమ్మకానికి వదిలేసి, తన ఇంటి మనిషి విషయంలో మాత్రం అపనమ్మకం చూపించినందుకు ఆయనకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే సేవ్ నొక్కారు.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. దీపం రెప్ప కూడా కొట్టకూడదని భవనం మొత్తాన్ని పొద్దున్నే ఆఫీసు కరెంటు నుంచి తప్పించి జనరేటరుకు కలిపారు. హాల్లో వచ్చిన దరఖాస్తులు లెక్కపెట్టే పెద్ద బోర్డు పెట్టారు. మంత్రిగారు మొదటి బటన్ నొక్కారు. టిక్కు వచ్చింది. ఆయన వేలు ఇంకా బటన్ మీదే ఉంది. దాన్ని అలాగే ఉంచమని ఫొటోగ్రాఫర్లు బతిమాలారు. అన్ని ఊళ్ల ఆఫీసుల నుంచి దరఖాస్తులు వరదలా వచ్చిపడ్డాయి. టిక్కు కన్నా ముందు వేలు తీద్దామని కొందరు ఉద్యోగులు పంతం పట్టారు. గుమాస్తాలకు వేలి చురుకు ఎక్కువంటారు గాని, ఒక్కరూ గెలవలేదు. బోర్డు మీద అంకెలు చూసేవాళ్లకు కళ్లు తిరిగాయి.

సర్వరుగారి ఫోన్ మోగింది. కొండ ఊరి నుంచి భార్య.

"ఏవండీ, నాకు చక్రం తిరుగుతూనే ఉంది. పక్క సీటాయనకు వేలు తీసేలోపు వచ్చేసింది. సర్వరుగారి భార్యవి, నీకే రాలేదా అని నవ్వుతున్నారు."

"తిరగనీ."

"ఏదైనా తప్పు నొక్కానా?"

"లేదు. అడుగుతున్నారు, అంతే."

"ఎవర్ని?"

"ఇంటికొచ్చాక చెప్తాను."

"ఇంటికి రావడానికే కదండీ నొక్కింది," అని ఆమె అంటుండగానే టిక్కు వచ్చింది. ఆయన నుదురు తుడుచుకున్నారు.

మంత్రిగారు ఉపన్యాసం ముగించి, మరో చోట మరో ప్రకటన ఉందని లేచారు. కారు తలుపులు పడ్డ చప్పుడు వినగానే సర్వరుగారికి జనరేటరు గుర్తొచ్చింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి పరిగెత్తారు. కింద లారీ డ్రైవరు అప్పుడే తీగను మోచేతికి చుట్టుకుంటున్నాడు.

"కాసేపు ఆగవయ్యా. రాసుకోవాలి."

"ఎవరు సార్ రాసుకోవాల్సింది?"

"పైన మిషను. పొద్దుట్నుంచీ ఏమీ రాసుకోలేదు."

"మంత్రిగారు లేచారంటే నేనూ లేవాలి సార్. ఆయన నోరు తెరిచేసరికి నేను అక్కడుండాలి," అని డ్రైవరు వినయంగా చెప్పి లారీ ఎక్కాడు. తన పని ఇంత నిబద్ధతతో చేసే మనిషి ఆ శాఖలో మరొకడు లేడు. భవనాన్ని మళ్లీ ఆఫీసు కరెంటుకు కలపవలసిన ఎలక్ట్రీషియను భోజనానికి వెళ్లాడు. సర్వరుగారు మళ్లీ పైకెక్కి వచ్చేసరికి గదంతా నిశ్శబ్దంగా ఉంది. పక్క ఛాంబర్లో చేపల తొట్టెలో బుడగలు మాత్రం లేస్తున్నాయి.

మర్నాడు పొద్దున ఆయన డేటాబేస్ తెరిచి చూశారు. దరఖాస్తుల పట్టికలో ఒకే ఒక్క వరస ఉంది. అది ఎవరిదో చదవనక్కర్లేదు. ఉద్యోగం ఊడుతుందని మనసులో ఖాయం చేసుకుని, చెప్పవలసిన నాలుగు మాటలూ వల్లెవేసుకుంటూ పీఏ గారి దగ్గరికి వెళ్లారు.

పీఏ ఆయన కోసమే చూస్తున్నారు. ఆ ఉదయమే ప్రభుత్వాధినేత సమక్షంలో అన్ని శాఖల సమీక్ష ఉంది. ఎవరి దగ్గర ఎన్ని దరఖాస్తులు పెండింగులో ఉన్నాయో మంత్రులు లేచి నిలబడి చెప్పాలి.

"వచ్చినవి ఎన్నో బోర్డుకు ఫొటో తీయించాం. పెండింగ్ ఎన్ని?"

"ఒకటండి."

పీఏ చేతిలోని కలం జారింది. "అన్నీ ఒక్కరోజులో పూర్తయ్యాయా?"

"పూర్తవలేదండి. పోయాయి."

పీఏ లేచి తలుపు వేసి వచ్చారు. "ఇప్పుడు మీరన్న మాట నేను వినలేదు. పట్టికలో ఎన్ని ఉన్నాయి?"

"ఒకటి."

"మిగతావి ఉన్నాయా?"

"లేవండి."

"లేనిది పెండింగ్ ఎలా అవుతుంది సర్వరుగారూ?"

సర్వరుగారు పెద్ద చదువులే చదివారు గాని, ఈ పాఠం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మంత్రిగారు విని సంతోషించకపోగా నొచ్చుకున్నారు. ఇంతమంది పని వేలు తీసేలోపు చేసి, ఒక్క ఆడమనిషిని ఆనకట్ట మీద వదిలేశామా, మనం మనుషులమేనా, అన్నారు. కారు ఎక్కబోతూ ఆగి, బానెట్ మీదే కాగితం పెట్టి బదిలీ ఉత్తర్వు మీద సంతకం చేశారు. పెండింగ్ సున్నా అయింది. సమీక్షలో ఆ సున్నాను ఆయన నిలబడి, గొంతు సవరించుకుని, నెమ్మదిగా చదివారు. వేలకు వేలు పెండింగ్ పెట్టుకున్న మంత్రులు తలలు దించుకున్నారు. అనుమతుల శాఖ మంత్రి తన రెండు వేళ్లూ జేబులో పెట్టుకున్నారట.

సర్వరుగారు భార్యకు ఫోన్ చేశారు, భార్య తల్లికి చేసింది. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లేసరికి వంటింట్లో అత్తగారు ముక్కు చీదుకోవడం వినిపించింది. భార్య ఫోన్ చేసి, అమ్మ సంతోషంతో ఏడుస్తోంది, కంగారుపడకండి, అంది. ఆయనకూ కళ్లు చెమర్చాయి. సంతోషం సంతోషమే, అది ఏ దారిన వచ్చిందని అడక్కూడదు.

వారం తిరక్కుండా ఒక అటవీ గార్డు కౌంటరు దగ్గరికి వచ్చాడు. పచ్చటిక్కు ఉన్న రసీదు చూపించి, తనింకా అడవిలోనే ఉన్నానని చెప్పుకున్నాడు. గుమాస్తా రసీదును అటూ ఇటూ తిప్పి చూశాడు. పని పూర్తయినట్టు మీ చేతిలోనే ఉంది, మా దగ్గర మీది ఏమీ మిగల్లేదు, అన్నాడు. మరి నేను ఇంకా అక్కడే ఉన్నానే, అన్నాడు గార్డు. అది మీ వైపు సమస్య, అని గుమాస్తా మర్యాదగా చెప్పాడు. గార్డు ఆలోచించుకుంటూ అడవికి వెళ్లిపోయాడు. అదే వరసలో వెనక నిలబడ్డవాళ్లు కూడా అంతా విని, ఎవరి రసీదు వాళ్లు మడుచుకున్నారు.

విజయోత్సవ సభ ఈతకొలనులోనే పెట్టారు. నీళ్లు ఇంకా రాలేదు గనక కుర్చీలు చక్కగా సరిపోయాయి. లబ్ధిదారులందరూ వేదిక మీదకు రావాలని మైకులో పిలిచారు. సర్వరుగారి భార్య ఒక్కతే లేచి వెళ్లింది. అందరూ వచ్చేదాకా ఆగుదామని కాసేపు చూసి, వచ్చేసినట్టేనని గ్రహించి సత్కారం మొదలుపెట్టారు. ఆమె అలవాటు కొద్దీ కొలను గోడ మీద గీతల కోసం చూసింది.

ఆ ఒక్క దరఖాస్తు ఎలా మిగిలిందని మంత్రిగారు సభ అయ్యాక ఆరా తీశారు. సర్వరుగారికి అబద్ధం నోట రాదు. దానికి మాత్రం నిజంగా రాశావా అని అడిగించానని ఒప్పుకున్నారు. మంత్రిగారు మెడలో దండ తీసి పీఏ చేతికిచ్చారు.

"నీలా ఇంకో పదిమంది అడిగించి ఉంటే నా పెండింగ్ ఎంతయ్యేదో తెలుసా?"

మంత్రిగారిది పెద్ద మనసు, కోపం నిలవదు. బంధుప్రీతికి తావులేకుండా, ఏ ఒక్కరికీ ఆ ప్రశ్న అడిగించే వీలు లేకుండా తీసెయ్యమని మాత్రం ఉత్తర్వు ఇచ్చారు. సర్వరుగారు తన చేత్తోనే తీసేశారు. మొదటిరోజు ఫలితం ఎంతో బాగుంది కాబట్టి పద్ధతిని పొల్లుపోకుండా అలాగే ఉంచారు. వారానికోసారి మంత్రిగారు వచ్చి కూర్చుంటారు, భవనాన్ని జనరేటరుకు కలుపుతారు, దరఖాస్తులు తీసుకుంటారు, ఆయన లేస్తారు. ప్రతి వారం పెండింగ్ సున్నా. చూడటానికి బయటిదేశాల నుంచి కూడా వస్తున్నారు.

ఇంత గొప్ప విధానాన్ని తయారుచేసిన మనిషిని ఊరికే వదిలేస్తారా? సర్వరుగారికి ప్రమోషన్ వచ్చింది. కొండ ప్రాంతానికి ప్రత్యేక సర్వరు కేంద్రం ఒకటి మంజూరు చేసి, దానికి ఆయన్నే అధిపతిగా వేశారు. ఊరి పేరు ఆయన రెండుసార్లు చదువుకున్నారు.

"క్వార్టరు వెతుక్కోనక్కర్లేదు," అని పీఏ చల్లటి కబురు చెప్పారు. "మీ ఆవిడ ఇన్నాళ్లూ ఉన్నదే ఇప్పుడు ఖాళీగా ఉంది."

ఆ రాత్రి ముగ్గురూ ఒకచోట కూర్చుని భోంచేశారు. ఉప్పు సరిగ్గా ఉంది, ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు. వెంటనే బదిలీకి దరఖాస్తు పెట్టెయ్యండి, వేలు తీసేలోపు అయిపోతుంది కదా, అంది భార్య. ఆయన తలూపారు. వడ్డిస్తున్న అత్తగారు గరిటె ఆపి, ఇన్నేళ్లలో మొదటిసారి నేరుగా ఆయన వైపు తిరిగింది.

"బాబూ, ఆ టిక్కు వచ్చినా సరే, నిజంగా రాశారో లేదో ఒక్కసారి కనుక్కుని రండి," అంది.

మరుసటి వారం మంత్రిగారు కూర్చున్న రోజున, భవనం జనరేటరు మీద నడుస్తుండగా, సర్వరుగారు తన గదిలో తన దరఖాస్తు తెరిచారు. అన్నీ సరిచూసుకున్నారు. బటన్ నొక్కారు. పచ్చటిక్కు వచ్చేసింది.

కింద కారు తలుపులు పడ్డ చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే లారీ డ్రైవరు తీగ దగ్గరికి నడుస్తున్నాడు. తలెత్తి ఆయన్ని చూసి, వినయంగా నమస్కారం పెట్టాడు.

సర్వరుగారు బటన్ మీద నుంచి ఇంకా వేలు తియ్యలేదు.